పిల్లలకు ఆరేళ్లుగా అబద్ధం చెప్పానా?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 27 ఏళ్లు. తైక్వాండోలో సెకండ్ డాన్ (రెండో స్థాయి) బ్లాక్ బెల్ట్. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆరేళ్లుగా పిల్లలకు క్లాసులు చెబుతున్నాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ మా మాస్టర్ నాకు చెప్పిన మాటలే నేనూ చెబుతాను. ఇది 2000 ఏళ్ల నాటి విద్య అని, కొరియా రాజుల కాలంలో హ్వరాంగ్ అనే యోధులు నేర్చుకునేవారని. పోయిన నెల మా వీధి చివర కరాటే క్లాసు నడిపే అన్నయ్య, పిల్లల తల్లిదండ్రుల ముందే "తైక్వాండో అనే పేరు పుట్టిందే 1955లో, అదంతా మా కరాటేనే" అన్నాడు. వీడియోలు కూడా పంపాడు. ఇంటికొచ్చి వెతికితే చాలావరకు నిజమేననిపించింది. ఒక తల్లి "మరి మాకు అలా చెప్పారేం మేడమ్?" అని అడిగితే నోట మాట రాలేదు. మా బాబాయేమో "కరాటే అయినా కుంగ్‌ఫూ అయినా అన్నీ మన బోధిధర్ముడు నేర్పినవే, అదే చెప్పమ్మా" అంటున్నాడు. ఇంకొకాయన ఫోన్ చేసి, కొరియా రాజభవనంలో రహస్యంగా దాచిన అసలైన ప్రాచీన విద్య నేర్పుతామని, నెల రోజుల కోర్సు అయ్యాక డాన్ సర్టిఫికెట్ ఇస్తామని అంటున్నాడు. జూన్ బ్యాచ్‌కి పాంప్లెట్ వేయించాలి. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

— పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు మీ మనసులో గుచ్చుకున్న ముల్లు తీసేద్దాం. మీరు అబద్ధం చెప్పలేదు. గురువు చెప్పిన మాట నమ్మి, అదే మాట పిల్లలకు చెప్పారు. నిజం తెలిశాక కూడా అదే చెబితే అప్పుడది అబద్ధమవుతుంది. మీకు తెలిసి నెల రోజులైంది, ఆ నెల రోజులూ మీకు నిద్ర లేదు. ఆ తల్లిదండ్రులు తమ పిల్లల్ని మంచి చేతుల్లోనే పెట్టారు.

నేనూ తైక్వాండో నేర్పేవాణ్నే. ఈ 2000 ఏళ్ల మాటే నేనూ పదకొండేళ్లు చెప్పాను. మునిసిపల్ స్కూలు గ్రౌండులో ఒక పక్క మా క్లాసు, ఇంకో పక్క నా మిత్రుడి కరాటే క్లాసు నడిచేవి. ఒక సాయంత్రం ఎల్లో బెల్ట్ కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి "సార్, అటు వాళ్లు మన పూమ్సే తప్పు చేస్తున్నారు" అన్నాడు. వెళ్లి చూశాను. వాళ్లు చేస్తున్నది హేయాన్ షోడాన్, షోటోకాన్ కరాటేలో పిల్లలు మొదట నేర్చుకునే కటా. ఒక వరసలో ఒంటరిగా చేసే కదలికలను వాళ్లు కటా అంటారు, మనం పూమ్సే అంటాం. చూస్తూ అలాగే నిలబడిపోయాను.

మీరూ ఒకసారి హాల్లో ఒంటరిగా చేసి చూడండి. మన మొదటి పూమ్సే తేగూక్ ఇల్ జాంగ్‌లో మొదట ఎడమకు తిరిగి ఎడమ చేత్తో లో బ్లాక్ (కిందికి వచ్చే దెబ్బను అడ్డుకోవడం), తర్వాత కుడి కాలు ముందుకేసి కుడి చేత్తో పంచ్. హేయాన్ షోడాన్‌లోనూ మొదట ఎడమకు తిరిగి ఎడమ చేత్తో లో బ్లాక్, తర్వాత కుడి కాలు ముందుకేసి కుడి చేత్తో పంచ్. మూడో కదలికలో ఇద్దరూ వెనక్కి తిరిగి కుడి చేత్తో లో బ్లాకే వేస్తారు. నాలుగో దగ్గర దారులు విడిపోతాయి. వాళ్లు పిడికిలి పైనుంచి తిప్పి సుత్తిలా దించుతారు, మనం మళ్లీ అడుగేసి పంచ్ కొడతాం. నిలబడే తీరు కూడా వేరు. వాళ్లు ముందు మోకాలు బాగా వంచి కిందికి దిగుతారు, మనం నడిచేటప్పుడు వేసే అడుగంత దూరంలోనే నిటారుగా నిలబడతాం. ఈ రెండింటి మధ్య చుట్టరికం కాదనడం ఎవరివల్లా కాదు. మీ వీధి అన్నయ్య చెప్పినదాంట్లో ఆ సగం నిజం. ఒప్పేసుకోండి. మిగతా సగం ఆయనకూ తెలియదు.

జరిగింది ఇది. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. పై చదువులకు టోక్యో వెళ్లిన కొరియా కుర్రాళ్లు కొందరు అక్కడ కరాటే నేర్చుకున్నారు. లీ వాన్ కుక్, రో బ్యాంగ్ జిక్ ఇద్దరూ షోటోకాన్ స్థాపకుడు ఫునకోషీ గిచిన్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. లీ 1944లో సియోల్‌లో చుంగ్ దో క్వాన్ అనే శిక్షణ శాల పెట్టారు. యూన్ బ్యాంగ్ ఇన్ అనే ఆయన మంచూరియాలో చైనా విద్య, టోక్యోలో తోయామా కంకెన్ దగ్గర కరాటే నేర్చుకుని, 1946లో సియోల్ వైఎంసీఏలో క్లాసులు మొదలుపెట్టారు. రైల్వేలో పనిచేసిన హ్వాంగ్ కీ మూ దుక్ క్వాన్ అనే శాల స్థాపించారు. వీళ్లంతా తాము నేర్పేదాన్ని తాంగ్ సూ దో అనో, కాంగ్ సూ దో అనో పిలిచేవారు. కరాటే అని రాసే చైనా అక్షరాలనే కొరియా ఉచ్చారణలో చదివితే వచ్చే మాటలు అవి. ఒకటి పాత రాత, రెండోది కొత్త రాత. అప్పట్లో ఎవరూ దేన్నీ దాచలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1950 నుంచి 1953 దాకా దేశం బూడిదైంది. సైన్యంలో చోయ్ హాంగ్ హీ అనే అధికారి ఉండేవారు. ఆయనా జపాన్‌లో కరాటే నేర్చుకున్నవారే. 1954లో అధ్యక్షుడు సింగ్మన్ రీ ముందు సైనికులు ప్రదర్శన ఇచ్చారు. నామ్ తే హీ అనే సైనికుడు ఒక్క దెబ్బతో 13 పెంకులు పగలగొట్టాడు. అది చూసిన రీ "ఇది మన తైక్యోన్ కదా" అన్నారని చోయ్ వర్గం ఎప్పుడూ చెప్పే మాట. తైక్యోన్ అంటే కొరియాలో పాతకాలపు కాళ్లాట. అధ్యక్షుడి నోట ఆ మాట వచ్చాక, దానికి దగ్గరగా వినిపించే పేరు కోసం వెతికారు. 1955లో తైక్వాండో అని పేరు ఖాయం చేశారు. తై అంటే కాలితో కొట్టడం, క్వాన్ అంటే పిడికిలి, దో అంటే మార్గం. ఆ పేరు కూడా వెంటనే నిలబడలేదు. 1961లో ఏర్పడిన సంఘం తేసూదో అనే పేరు పెట్టుకుంది. 1965లో చోయ్ అధ్యక్షుడయ్యాకే సంఘం పేరు తైక్వాండోకి మారింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆ మనుషుల వైపు నుంచి చూడండమ్మా. ముప్పై అయిదేళ్లు పరాయి పాలన. చివరి ఏళ్లలో బడుల్లో సొంత భాష పోయింది, సొంత పేర్లు మార్చి జపాన్ పేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. అలాంటి దేశం స్వతంత్రమయ్యాక, తన సైనికులకు నేర్పే విద్యను ఆ పాలకుడి పేరుతో పిలుచుకోగలదా? 2000 ఏళ్ల కథ అల్లిన వాళ్లంతా మోసగాళ్లని నేను అనుకోను. గాయం మీద కట్టు కట్టుకున్నారు. ఆ సంగతి తెలుసుకున్నాక వాళ్ల మీద నాకు కోపం పోయింది. కానీ వాళ్ల కట్టును ఖమ్మంలో మన పిల్లలకు కట్టనక్కర్లేదు కదా.

ఆ కథకు ఆధారాలుగా చూపేవేంటో కూడా మీకు తెలియాలి, రేపు ఎవరైనా అడుగుతారు. ఒకటి ప్రాచీన కొరియా రాజ్యం గొగుర్యో నాటి సమాధి చిత్రాలు. ఇప్పుడు చైనాలో ఉన్న జీఆన్ దగ్గర ముయోంగ్‌చాంగ్ అనే సమాధిలో ఇద్దరు మనుషులు ఒంటి మీద చొక్కా లేకుండా, ఎదురెదురుగా చేతులు చాచి కనిపిస్తారు. రెండోది కొరియాలోని గ్యోంగ్జులో 8వ శతాబ్దపు సొక్కురామ్ గుహాలయం, అక్కడ ద్వారం దగ్గర పిడికిలి ఎత్తి నిలబడిన రక్షక మూర్తులు. మూడోది హ్వరాంగ్. చిత్రంలో ఉన్నవాళ్లు కుస్తీ పడుతున్నారో, పోట్లాడుతున్నారో, నాట్యమాడుతున్నారో రాసిపెట్టి లేదు. ద్వారపాలకులు బౌద్ధం వెళ్లిన ప్రతిచోటా అలాగే పిడికిళ్లు బిగించి ఉంటారు. ఇక హ్వరాంగ్ నిజంగా ఉన్నారు, సిల్లా అనే ప్రాచీన కొరియా రాజ్యపు గొప్పింటి కుర్రాళ్లు. 1145లో రాసిన సమ్గుక్ సాగి చరిత్రలో వాళ్లు ఒకరికొకరు నీతి నేర్పుకున్నారని, పాటలు పాడుకున్నారని, కొండలూ నదులూ తిరిగారని ఉంది. యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన వాళ్ల కథలూ ఉన్నాయి. వాళ్లు కాళ్లతో తన్నే ఫలానా విద్య నేర్చుకున్నారని మాత్రం లేదు.

శిల్పం భంగిమ చూపిస్తుంది, దాని ముందు కదలిక, వెనక కదలిక చూపించదు. ఇది మన తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. రామప్ప గుడి శిల్పాలనూ, జాయప సేనాని నృత్తరత్నావళినీ ముందు పెట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. అది పునర్నిర్మాణమనే అందరం చెప్పుకుంటాం. అంతమాత్రాన పేరిణి చూసినప్పుడు మన ఒళ్లు జలదరించడం ఆగిందా?

అసలు ఈ విషయంలో నాకు దారి చూపింది ఒక పాత కొరియా పుస్తకం. పేరు ముయే దోబో తోంగ్జి. జాంగ్జో రాజు ఆజ్ఞతో 1790లో తయారైంది. యీ దోక్ మూ, పాక్ జే గా అనే ఇద్దరు పండితులు, బేక్ దోంగ్ సూ అనే యోధుడు కలిసి చేశారు. 24 రకాల యుద్ధ విద్యలు బొమ్మలతో సహా ఉన్నాయి. చాలామంది ప్రాచీన కొరియా విద్యకు రుజువుగా దీన్నే ఎత్తి చూపుతారు. తెరిచి చూస్తే లోపల చైనా సేనాని చీ జీగ్వాంగ్ నుంచి తీసుకున్న విద్యలు ఆయన పేరుతోనే ఉన్నాయి. వేగోమ్ అని ఒక అధ్యాయం ఉంది, దాని అర్థమే జపాన్ కత్తి. దాని వెనక సంగతి ఇంకా గొప్పది. 1592లో జపాన్ సైన్యం కొరియా మీద పడి ఏడేళ్లు సర్వనాశనం చేసింది. ఆ తర్వాతి శతాబ్దంలో కిమ్ చే గోన్ అనే సైనికుడు రాయబారుల వెంట జపాన్ వెళ్లి, ఆ కత్తి విద్య నేర్చుకుని, తిరిగొచ్చి తన రాజుకు చూపించాడు. పుస్తకం రాసినవాళ్లు ఈ సంగతి దాచలేదు. ఫలానా విద్య శత్రువుది, ఫలానా మనిషి వెళ్లి తెచ్చాడు అని పేరుతో సహా రాశారు. సంప్రదాయం అనే మాట వాడాలంటే నేను దీనికే వాడతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాసిపెట్టడం 230 ఏళ్ల కిందటే ఆ దేశంలో ఉంది.

మరి పాత కొరియాది ఏదీ మిగల్లేదా అంటే, తైక్యోన్ మిగిలింది. 1895లో అమెరికాలో అచ్చయిన కొరియా ఆటల పుస్తకంలో, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కాళ్లతో పడగొట్టుకునే ఆటగా దాని వర్ణన ఉంది. పండగ రోజుల్లో ఊళ్ల మధ్య పందెంగా ఆడేవారు. జపాన్ పాలన ముగిసేసరికి అది దాదాపు అంతరించింది. సాంగ్ దోక్ గి అనే పెద్దాయన (1893–1987) మాత్రం చిన్నప్పుడు సియోల్‌లో నేర్చుకున్నది మరిచిపోకుండా నిలుపుకున్నారు. 1983లో కొరియా ప్రభుత్వం దాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించింది, 2011లో యునెస్కో జాబితాలో చేరింది. వీడియో చూస్తే మీకే తెలుస్తుంది, తైక్వాండోకి దానికి పోలికే లేదు. మోకాళ్లు లయగా వంచుతూ, ముక్కోణంలో అడుగులేస్తూ, జానపద నృత్యంలా మొదలై ఉన్నట్టుండి అవతలివాడి కాలు లాగేస్తారు. తైక్వాండో పునాదులు వేసిన ఆ శిక్షణ శాలల్లో నేర్పింది ఇది కాదు. తైక్యోన్ గురువులు కూడా తమది వేరే విద్య అనే చెబుతారు.

అయితే తైక్వాండోలో కొరియా ఎక్కడుంది? మీ పిల్లల కాళ్లలో ఉంది. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. 1960లలో జపాన్ కరాటే పోటీల్లో దెబ్బ తగలకముందే ఆపేయాలి. కొరియావాళ్లు ఆ దారి వద్దనుకున్నారు. ఛాతీకి కవచం తొడిగి, నిజంగా కొట్టండి అన్నారు. కవచం మీద పంచ్‌కి పాయింట్ రావడం కష్టం, కిక్‌కి సులువు. ఆ ఒక్క నిబంధనతో ఇరవై ఏళ్లలో ఒళ్లంతా మారిపోయింది. కిందికి దిగి నిలబడే భంగిమ పోయి, పాదాల మీద తేలుతూ ఎగిరే నడక వచ్చింది. చేతులు వెనక్కి తగ్గి, కాళ్లు ముందుకొచ్చాయి. అవతలివాడు అడుగేసిన క్షణంలోనే గిర్రున తిరిగి వెనక కాలితో కొట్టే కౌంటర్లు పుట్టాయి. రేపు క్లాసులో ఒక పిల్లాడితో దోల్యో చాగి (పక్క నుంచి కాలు తిప్పి కొట్టే కిక్) ప్యాడ్ మీద కొట్టించి, పాదం ఎక్కడ తగిలిందో చూడండి. పాదం పైభాగం తగులుతుంది, పటేల్మని చప్పుడొస్తుంది. పాత కరాటేలో ఇదే కిక్ కాలివేళ్లు పైకి ముడిచి, వాటి కింది మెత్తతో కొట్టేవారు. ఈ చిన్న తేడా వెనక వేలాది మంది కొరియా కుర్రాళ్ల చెమట ఉంది. అది ఎవరి నకలూ కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా వచ్చి, 2000 సిడ్నీలో పతకాల క్రీడ అయింది ఈ కాళ్ల వల్లే.

మీ అన్నయ్యకు తెలియని సగం ఇంకొకటి ఉంది. కరాటే కూడా జపాన్‌లో పుట్టలేదు. ఓకినావా దీవుల్లో చైనా ప్రభావంతో పెరిగింది. ఫునకోషీ దాన్ని టోక్యోకి తెచ్చింది 1922లో. హేయాన్ కటాల మూలరూపాలను ఓకినావాలో ఇతోసు అనే గురువు బడిపిల్లల కోసం కూర్చారు, అది 1900 దాటాకే. మొదట కరాటే అని రాసే అక్షరాలకు అర్థం 'చైనా చేయి'. జపాన్‌లో జాతీయవాదం ముదిరిన 1930లలో చైనా అనే అర్థమున్న ఆ అక్షరం తీసేసి 'ఖాళీ చేయి' అని మార్చారు. కొరియా తర్వాత చేసిన పని జపాన్ ముందే చేసింది. మనం తొడిగే తెల్ల డ్రెస్సు, నడుముకు కట్టే బ్లాక్ బెల్టు, డాన్‌లు ఇవన్నీ కరాటేకి జూడో నుంచి వచ్చాయి. జూడోని కానో జిగోరో మొదలుపెట్టింది 1882లో. ఈ సంగతులు మీ అన్నయ్యను ఓడించడానికి వాడొద్దు. టీ తాగుతూ చెప్పండి.

బాబాయిగారి మాట ప్రేమతో అన్నదే, కానీ అది వద్దమ్మా. బోధిధర్ముడు చైనాలోని షావోలిన్ మఠంలో యుద్ధ విద్య నేర్పాడన్న మాటకు మూలం 1624 నాటి ఒక చైనా గ్రంథం, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాత. దానికి పెట్టిన పాత ముందుమాటలు దొంగవని చైనా చరిత్రకారులే 1930లలో తేల్చారు. కొరియా కథ తీసేసి ఆ చోట మన కథ పెడితే, ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇంకా బాకీనే ఉంటుంది. మన చేతిలో ఉన్నది చెప్పుకోవాలనిపిస్తే మన ఊళ్లలో కర్రసాము ఉంది, పీర్ల పండగప్పుడూ దసరాకూ ఇప్పటికీ తిప్పుతారు. ఆ పెద్దవాళ్లను ఒకరోజు మీ హాలుకి పిలిచి పిల్లలకు చూపించండి.

ఆ ఫోన్ కోర్సుకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. రాజభవన రహస్యం అని చెప్పుకునే కొరియా విద్యలు చాలావరకు 1945 తర్వాత పుట్టినవే, వాటిలో ఎక్కువ హాప్కిదో అనే కొరియా విద్యకు కొమ్మలు. హాప్కిదో మూలపురుషుడు చోయ్ యోంగ్ సూల్ తాను జపాన్‌లో తకేదా సోకకు ఇంట్లో దశాబ్దాలు ఉండి దైతో ర్యూ అనే జపాన్ విద్య నేర్చుకున్నానని చెప్పారు. తకేదా తన శిష్యుల పేర్లు శ్రద్ధగా పుస్తకంలో రాయించుకునే మనిషి, ఆ పుస్తకాల్లో చోయ్ పేరు దొరకలేదు. ఆ వాదన ఇంకా తెగలేదు. హాప్కిదో మంచి విద్యే, దాన్ని దాని పేరుతో నేర్పే గురువు దొరికితే నేర్చుకోండి. నెలలో డాన్ ఇస్తాననేవాడు ఏ దేశపు విద్య అమ్మినా మీకు అనవసరం.

ఇక ఆ తల్లికి ఏం చెప్పాలి? కొత్త బ్యాచ్ వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే, క్లాసు అయిపోయాక పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టి మీ మాటల్లో చెప్పండి. నేనైతే ఇలా చెప్పాను: "ఇన్నాళ్లూ ఇది 2000 ఏళ్ల నాటిదని చెప్పాను. నాకు అలాగే నేర్పారు. చదివి తెలుసుకుంటే అది సరికాదని తెలిసింది. కొరియా కుర్రాళ్లు పరాయి పాలనలో, పరాయి దేశంలో కరాటే నేర్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత తమ కాళ్లతో దాన్ని కొత్త విద్యగా మార్చి ప్రపంచానికి ఇచ్చారు. దీని వయసు మీ తాతల వయసంత." పిల్లలు నిరాశపడతారని భయపడ్డాను. వెనక వరసలో ఒక పాప చేయి ఎత్తి "అయితే మనం కూడా కొత్త కిక్ కనిపెట్టొచ్చా సార్?" అంది. 2000 ఏళ్ల కథ చెప్పిన పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

ఒక ఆదివారం మీ అన్నయ్య పిల్లల్నీ పిలవండి. హాలు మధ్యలో రెండు వరసలు, వాళ్లు హేయాన్ షోడాన్, మీవాళ్లు తేగూక్ ఇల్ జాంగ్, ఒకే లెక్క మీద. మూడో అడుగు దాకా కలిసి వెళ్లి నాలుగో దగ్గర విడిపోవడం ఆ తల్లిదండ్రులు కళ్లారా చూస్తారు.

పాంప్లెట్ ఇంకా ప్రింటుకి ఇవ్వలేదంటున్నారు కాబట్టి, అందులో "2000 సంవత్సరాల ప్రాచీన విద్య" అనే లైను ఉంటే తీసేయించండి. ఆ చోట మీ పేరు, సెకండ్ డాన్, ఆరేళ్ల అనుభవం, క్లాసు టైమింగ్స్ వేయించండి.